ద్వీపానికి సూటిగా గురిపెట్టకు

చి. మేనకోడలికి, మామయ్య ఆశీస్సులు.

హవాయి నుంచి తాహితీకి జంటదోనెల నావ మీద, దిక్సూచి లేకుండా దారి పట్టడం నేర్చుకుంటానన్నావు. చాలా సంతోషం తల్లీ. నావ ఎక్కేలోపే నక్షత్రాల దిక్చక్రం నీకు నోటికి వచ్చేయాలి. నీటి అంచును చుట్టూ 32 భాగాలు చేసి వాటిని ఇళ్లంటారు, ఒక్కోటి 11.25 డిగ్రీలు. నాలుగు దిక్కులు పోను మిగతావాటికి ఏడే పేర్లు: లా, ఆయినా, నోయో, మను, నాలని, నాలెయో, హాకా. ఇవే నాలుగు మూలల్లోనూ మళ్లీ వస్తాయి, అందుకే కొత్తవాళ్లు తడబడతారు. ఈశాన్యపు ‘మను’ ఇంట్లో పొడిచిన చుక్క వాయవ్యపు ‘మను’ ఇంట్లో కుంకుతుంది. ఈశాన్యపు ‘మను’ నుంచి వచ్చే కెరటం మాత్రం మూలకు మూలగా నైరుతి ‘మను’లోకి పోతుంది. ఈ రెండూ కలగాపులగం చేసుకోకు.

చుక్క నీటి అంచుకు దగ్గరగా ఉన్నంతసేపే దారి చూపుతుంది. పైకెక్కాక దాన్ని వదిలి, అదే ఇంట్లో పొడిచే తర్వాతిదాన్ని పట్టుకో. మబ్బు పట్టినా, మిట్టమధ్యాహ్నమైనా ఇక కెరటమే దిక్కు. నువ్వు ఆగ్నేయానికి పోతుంటే ఈశాన్యపు కెరటం ఎడమ దోనెను ముందు లేపి, తర్వాత కుడిదాన్ని లేపుతుంది. ముందుకొస ముందుగా లేస్తే ఎడమకు తిరిగావని, వెనక కొస లేస్తే కుడికి జారావని. పడుకుని ఉన్నా నడుముకి తెలుస్తుంది. గాలి మారగానే దిక్కు మార్చుకునేవి పైనున్న చిన్న అలలు. వాటిని నమ్మితే గాలితో పాటే తిరిగిపోతావు. పొద్దు వాలినప్పుడు ఏటవాలు వెలుగులో ఏ కెరటం ఏ ఇంటిదో తేల్చుకుని చీకట్లోకి వెళ్లు.

వేగానికి ముందు అడ్డదూలం దగ్గర పుల్ల వేసి, వెనక దూలం దాటేదాకా లెక్కపెట్టు. 10 మీటర్లకు 5 సెకన్లు పడితే రోజుకు సుమారు 170 కిలోమీటర్లు. నావ వెనక తెల్లటి నీటిచార ఎంత వంకరగా పడుతోందో చూడు, గాలి నిన్ను అంత పక్కకు తోస్తోందన్నమాట.

ఉత్తర దక్షిణాల లెక్క తేలికే. హవాయిలో ధ్రువుడు 19 నుంచి 22 డిగ్రీల ఎత్తులో ఉంటాడు, భూమధ్యరేఖ దగ్గర మునిగిపోతాడు. తాహితీ అక్షాంశంలో లుబ్ధకుడూ (సిరియస్), పునర్వసు జంటలో కాంతి ఎక్కువున్న చుక్కా (పోలక్స్) ఒకేసారి కుంకుతాయి. లుబ్ధకుడు ముందు కుంకితే నువ్వింకా ఉత్తరానే ఉన్నావు. అంచున పొగమంచు ఉంటే ఆ రాత్రి లెక్క వదిలేయి.

అసలు చిక్కు తూర్పు పడమరల్లో. వాటిని చుక్కలు చెప్పవు. గాలీ ప్రవాహమూ రెండూ చాలావరకు పడమటికే తోస్తాయి. అందుకే ద్వీపానికి సూటిగా గురిపెట్టకు. దానికి తూర్పున, గాలికి ఎగువన ఉంటూ దిగు. తూర్పున తప్పితే గాలివాలున వెనక్కి రావచ్చు. పడమట తప్పితే ఎదురుగాలిలో రోజులకు రోజులు పోతాయి. 1976లో సతవాల్ ద్వీపపు నావికుడు మావు పియైలుగ్ హోకులేఅ నావను హవాయిలోని మావుయి దీవి నుంచి నడిపినప్పుడు ముందు కనిపించింది తాహితీ కాదు, దానికి ముందుండే తువామోతు దీవుల్లోని మతైవా. ఆ దీవుల వరుస వలలాంటిది. ఏ కన్నులో పడ్డా తాహితీకి దారి తెలుస్తుంది.

అవి నేలమట్టపు దీవులు. 20 కిలోమీటర్లు దాటితే కొబ్బరి తలలు కూడా కనపడవు. ముందు పిట్టలొస్తాయి: నోయో అనే నల్లటి పిట్ట (ఇంటి పేరూ ఇదే) కనిపిస్తే నేల సుమారు 40 మైళ్లలోపు, తెల్లటి మను ఓ కూ అయితే 120 మైళ్లలోపు. సాయంత్రం అవి పోయే వైపు నేల. పొద్దున వచ్చిన వైపు నేల. పగలు చేపల కోసం గిరగిరా తిరిగేదాని వెంట పడకు.

కునుకు తీసేముందు చుక్కానివాళ్లకు ఇంటి పేరూ, కెరటం తగిలే పక్కా చెప్పు. వాళ్ల చేత తిరిగి చెప్పించుకో. గాలి మారితే ఎంత నిద్రలో ఉన్నా లేపమను.

మామయ్య