సమాధానం: ఐరన్ ఫ్లేమ్‌లో ఎవరు ఎవరో గుర్తురాకపోతే

రెబెక్కా యారోస్ ఫాంటసీ నవల ఫోర్త్ వింగ్ చదివి ఏడాది దాటింది, దాని తర్వాతి భాగం ఐరన్ ఫ్లేమ్ మొదలుపెడితే ఎవరు ఎవరో తెలియట్లేదు అన్నారు కదా. మొదటి పుస్తకం మొత్తం మళ్లీ చదవక్కర్లేదండి. అది ఆగిన చోటే రెండోది మొదలవుతుంది కాబట్టి చివరి ఐదారు అధ్యాయాలు తిరగేస్తే చాలు. ఆఖరిది మాత్రం వదలొద్దు, అక్కడ కథ చెప్పేది నాయిక వయొలెట్ కాదు, ఆమె ప్రేమించే జేడెన్.

ముఖ్యంగా ఒకటి గుర్తుంచుకోండి. వయొలెట్ స్వారీ చేసే డ్రాగన్ టెయిర్న్, జేడెన్ స్వారీ చేసే డ్రాగన్ స్గేల్ ఒక జంట. అవి ఎక్కువ రోజులు దూరంగా ఉండలేవు. అందుకే వీళ్లిద్దరూ వేర్వేరు చోట్ల ఉన్నా, ఒకరి మీద ఒకరు మండిపడుతున్నా కలవక తప్పదు. ప్రేమ, టెన్షన్ చాలావరకు ఈ ముడి చుట్టూనే తిరుగుతాయి, నాకు ప్రాణం అదే. వయొలెట్ స్క్వాడ్‌లో, అంటే ఆమెతో కలిసి శిక్షణ పొందే జట్టులో, మిగతావాళ్ల పేర్లు చదువుతుంటే అవే గుర్తొస్తాయి.