బ్లాక్ తర్వాత గుండె ఆగితే అడ్రినలిన్ ఎంత?
బుపివకైన్ అనే తిమ్మిరి మందుతో నరాల బ్లాక్ (నరం దగ్గర సూది వేసి ఆ భాగాన్ని మొద్దుబార్చడం) ఇచ్చాక, ఆ మందు రక్తంలో ఎక్కువై ఫిట్స్ వచ్చి గుండె ఆగితే, మామూలుగా ఇచ్చే 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ ఇవ్వచ్చా అని అడిగారు. అంత వద్దండి. అమెరికాలోని ఆస్రా (ఇలాంటి బ్లాక్‌లు ఇచ్చే మత్తు వైద్యుల సంఘం) మార్గదర్శకం ప్రకారం కిలోకు 1 మైక్రోగ్రాము మించకూడదు. ఇక్కడ అసలు మందు 20 శాతం లిపిడ్ ఎమల్షన్, అంటే రక్తనాళంలోకి ఎక్కించే కొవ్వు ద్రావణం. ఛాతీ నొక్కడం, ఆక్సిజన్ ఆపకుండా, కిలోకు 1.5 మి.లీ. రెండు మూడు నిమిషాల్లో ఇచ్చి, తర్వాత నిమిషానికి కిలోకు 0.25 మి.లీ. చొప్పున నడపండి. మొత్తం కిలోకు 12 మి.లీ. దాటనివ్వకండి.

ఫిట్స్‌కి మిడజోలామ్ వాడండి. ప్రొపోఫాల్ అనే మత్తుమందులోనూ కొవ్వు ఉంది కదా అని దాన్ని లిపిడ్ బదులు ఇవ్వకండి, గుండె ఇంకా నీరసపడుతుంది. ఈ కేసుల్లో గుండె తేరుకోవడానికి గంటకు పైగా పట్టవచ్చు, దయచేసి సీపీఆర్ తొందరపడి ఆపొద్దు.

అల్ట్రాసౌండ్‌లో చూస్తూ బ్లాక్ ఇస్తే ఈ ప్రమాదం తగ్గుతుందే గానీ పోదు. లిపిడ్ సీసా బ్లాక్ ఇచ్చే గదిలోనే పెట్టించండి.