డాక్టర్ల అలసటను కొలిచే చదువు ఉందా?

ప్రశ్న: మాది చెన్నై, పెరంబూరు. అమ్మాయి ప్లస్ టూ, బయో-మ్యాథ్స్ గ్రూప్. డాక్టర్ల మెదడు అలసటను సెన్సర్లతో పసిగట్టే పని నేర్చుకుంటానంటూ నీట్ కోచింగ్ మానేసింది. మాకు టెన్షన్‌గా ఉంది. దానికి కోర్సు ఉందా? ఉద్యోగం వస్తుందా?

జవాబు: ఆ పేరుతో డిగ్రీ కోసం వెతక్కండి. ఉందని ఎవరైనా ఫీజు అడిగితే ఒకటికి రెండుసార్లు ఆలోచించండి. ఇది అసలు ఈఈజీ పని, అంటే తలకు ఎలక్ట్రోడ్లు అంటించి మెదడు విద్యుత్ తరంగాలను నమోదు చేయడం. జర్మన్ డాక్టర్ హాన్స్ బెర్గర్ 1924లోనే మనిషి మెదడు తరంగాలను నమోదు చేశారు. గంటల తరబడి స్కాన్లు చూసే రేడియాలజిస్టు అలసిపోయేకొద్దీ నుదుటి వైపు 4-8 హెర్ట్జ్ తీటా తరంగాలు సాధారణంగా బలపడతాయి.

వినడానికి తేలికే. కానీ తల మీద దొరికే సిగ్నల్ మైక్రోవోల్టుల్లో ఉంటుంది. రెప్ప వేస్తే అంతకంటే పెద్ద అల లేస్తుంది, పళ్లు బిగించినా గందరగోళమే. ఈఈజీకి వచ్చేవాళ్లను తలకు నూనె రాసుకోవద్దనేది కూడా ఎలక్ట్రోడ్ సరిగ్గా అంటుకోవాలనే. ఇక సర్జన్ ఆపరేషన్ చేస్తూ తల వంచుతారు, మాట్లాడతారు. ఆ రొదలోంచి పనికొచ్చేదాన్ని ఏరడమే ఈ ఉద్యోగం. దానికి మ్యాథ్స్, సిగ్నల్ ప్రాసెసింగ్, పైథాన్ ప్రోగ్రామింగ్ కావాలి. మ్యాథ్స్ అంటే విసుగైతే నీట్ దారే నయం.

మీ ఊళ్లోనే ఐఐటీ మద్రాసులో మెడికల్ సైన్సెస్ అండ్ ఇంజనీరింగ్ నాలుగేళ్ల బీఎస్ ఉంది. ప్రవేశం ఐసర్ (కేంద్ర సైన్స్ విద్యాసంస్థల) ఆప్టిట్యూడ్ టెస్ట్‌తో. ప్లస్ టూ మార్కులతో అన్నా యూనివర్సిటీ కౌన్సెలింగ్‌లో బయోమెడికల్ కూడా తీసుకోవచ్చు. నా ఓటు మాత్రం ఈసీఈకి. మనసు మారినా వేరే ఉద్యోగాలుంటాయి, మారకపోతే గేట్‌లో బయోమెడికల్ పేపర్ రాసి ఎంటెక్‌కి వెళ్లొచ్చు.

డాక్టర్ల అలసట ఒక్కటే కొలిచే ఉద్యోగాలు ఇప్పటికి తక్కువ, అవీ ఎక్కువగా పరిశోధనలోనే. ఇదే నైపుణ్యం ఐసీయూ మానిటర్లకు, మూర్ఛ, నిద్ర పరీక్షలకు పనికొస్తుంది. ఇంకో పేచీ కూడా ఉంది. నైట్ డ్యూటీ డాక్టరు తలకు అలసట కొలిచే బ్యాండ్ పెడితే, ఆ లెక్క మేనేజ్‌మెంట్ చేతికి పోతుందా అని అడగరా? అలసిపోయారని తేలితే డ్యూటీ ఎవరు మార్చాలి? వీటికి జవాబు లేకుండా పరికరం ఒక్కటే అమ్మేవాళ్లంటే నాకు గురి లేదు.

ముందు అమ్మాయిని ఫిజియోనెట్ వెబ్‌సైట్‌లో ఉచితంగా దొరికే ఈఈజీ డేటా దించుకుని, ఎంఎన్ఈ-పైథాన్ అనే సాఫ్ట్‌వేర్‌లో తెరిచి, రెప్పపాట్లు తీసేయమనండి. ఆ గీతల ముందు ఓ నెల రోజులు ఇష్టంగా కూర్చుంటుందో లేదో చూసి, అప్పుడు నీట్ సంగతి మాట్లాడుకోండి.