వరంగల్ పక్కన వ్యవసాయ భూమి అమ్మితే పన్ను ఉండదా? మా బాపుకు జరిగింది చెప్తాను

వరంగల్ దగ్గర మీ నాన్నగారి పేరున ఉన్న ఎకరం పది గుంటలు అమ్ముదామనుకుంటున్నామని, వ్యవసాయ భూమికి పన్ను లేదని, రిటర్న్ కూడా అక్కర్లేదని అందరూ అంటున్నారని, అది నిజమేనా అని అడిగారు. 2019లో మాకూ అచ్చం ఇదే మాట చెప్పారు. నమ్మి అమ్మేశాం. 2023లో మా బాపు పేరున ఇన్‌కమ్ టాక్స్ నోటీసు వచ్చింది.

పంట మీద వచ్చే ఆదాయం వేరు, భూమి అమ్మితే వచ్చే లాభం వేరు. పంట ఆదాయానికి 1961 ఇన్‌కమ్ టాక్స్ చట్టం సెక్షన్ 10(1) కింద మినహాయింపు ఉంది. మిర్చి వేసినా వరి వేసినా అంతే. జీతం లాంటిది కూడా ఉంటే స్లాబు లెక్కలో కలుపుతారు, అది వేరే సంగతి. భూమి అమ్మకానికి ఆ సెక్షన్ వర్తించదు. అక్కడ ముందు చూసేది భూమి ఎక్కడుందన్నదే.

పదివేలు, ఆపైన జనాభా ఉన్న మున్సిపాలిటీ హద్దుల్లో ఉంటే, అందులో నాట్లు పడుతున్నా సరే, అమ్మిన లాభం మీద పన్ను పడుతుంది. హద్దు బయట ఉన్నా దూరం చూస్తారు. ఆ మున్సిపాలిటీ జనాభా లక్ష లోపైతే 2 కిలోమీటర్లు, లక్ష దాటి పది లక్షల వరకు 6, ఆపైన 8. గ్రేటర్ వరంగల్ 2011 లెక్కల్లో పది లక్షల లోపే కాబట్టి 6. నర్సంపేట, పరకాల లాంటి చోట్ల 2. బండి మీటరు చూసి లెక్కేసుకోకండి, దూరం నేరుగా కొలుస్తారు. రోడ్డు మీద ఎనిమిది వచ్చే చోటు నేరుగా కొలిస్తే ఐదున్నరే రావచ్చు.

మాకు దూరం కొలిచే పని కూడా పడలేదు. మా ఊరు గ్రేటర్‌లో కలిపిన ఊళ్లలో ఒకటి. పాస్ పుస్తకంలో వ్యవసాయ భూమి అనే ఉంది, ఏటా మిర్చి పండింది, అందుకే ఎవరికీ అనుమానం రాలేదు. 30 లక్షలు, ఆపైన రిజిస్ట్రేషన్ల వివరాలు ఇన్‌కమ్ టాక్స్ వాళ్లకు వెళ్తాయని నోటీసు చూశాకే తెలిసింది. మాది 42 లక్షలు.

కొంతవరకైనా మమ్మల్ని ఆదుకుంది సెక్షన్ 54బి. అమ్మిన భూమిలో అంతకు ముందు రెండేళ్లు అమ్మినవాళ్లు గానీ, వాళ్ల తల్లిదండ్రులు గానీ సాగు చేసి ఉండాలి. అమ్మిన రెండేళ్లలోపు ఇంకో వ్యవసాయ భూమి కొంటే, కొన్న ఖరీదు మేరకు లాభం మీద పన్ను ఉండదు. కొన్నదాన్ని మూడేళ్ల దాకా అమ్మకూడదు. రిటర్న్ గడువులోపు కొనలేకపోతే ఆ డబ్బు బ్యాంకులో క్యాపిటల్ గెయిన్స్ ఖాతాలో వేసి ఉంచాలి.

బాపు ఆ రెండేళ్లలోపే ధర్మసాగర్ వైపు 18 లక్షలకు చెల్క (మెట్ట భూమి) కొని ఉన్నాడు. సాగు చేశామని ఋజువు అడిగితే, ఇంట్లోంచి రేకు పెట్టె తెచ్చి సీఏ గారి టేబుల్ మీద పెట్టాడు. ఏనుమాముల మార్కెట్‌లో మిర్చి అమ్మిన తక్‌పట్టీలు (రసీదులు), ఏ ఏడాదివి ఆ ఏడాది దారంతో కట్టినవి. కట్ట విప్పితే ఇంకా మిర్చి ఘాటు వచ్చింది. సాగు వివరాలుండే రెవెన్యూ రికార్డు, అదే పహాణీ, దాని నకళ్లతో పాటు అవే పనికొచ్చాయి. చదువు లేని మనిషి అంత జాగ్రత్తగా దాచాడు. చదువుకున్న నేను ఒక్క గంట కూర్చుని ఎవరినైనా అడిగుంటే ఈ తిప్పలు ఉండేవి కావని ఇప్పటికీ బాధపడతాను.

ఇంకో ముక్క 9 లక్షలకు తమ్ముడి పేరున కొన్నాం. దాన్ని ఆఫీసర్ ఒప్పుకోలేదు. అమ్మిన మనిషి పేరునే కొనాలన్నారు. ఈ విషయంలో కోర్టు తీర్పులు రెండు రకాలుగా ఉన్నాయి గానీ, 9 లక్షల కోసం కోర్టుల చుట్టూ తిరిగే ఓపిక బాపుకు లేదు. పన్ను, దాని మీద వడ్డీ కట్టేశాం.

ఇన్‌కమ్ టాక్స్ కొత్త విధానంలో 12 లక్షల దాకా పన్ను లేదు కదా అనుకోవద్దు. అది రిబేటు, అంటే లెక్కేసిన పన్నులో ఇచ్చే తగ్గింపు. భూమి మీద దీర్ఘకాలిక లాభానికి ప్రత్యేక రేటు ఉంటుంది, దానికి ఆ రిబేటు రాదు. 2024 జూలై 23 నుంచి ఆ రేటు 12.5 శాతం. అంతకు ముందు కొన్న భూమి అయితే ధరల పెరుగుదల కలుపుకుని 20 శాతంతో కూడా లెక్కేసి, ఏది తక్కువైతే అదే కట్టొచ్చు. 2001కి ముందు నుంచి ఉన్న భూమికి ఆ ఏడాది ఏప్రిల్ 1 నాటి విలువ తీసుకోవచ్చు, దాని కోసం విలువ సర్టిఫికెట్ తెచ్చుకోండి. అమ్మకం 2026 ఏప్రిల్ 1న గానీ, తర్వాత గానీ జరిగితే 2025 నాటి కొత్త చట్టం వర్తిస్తుంది. సెక్షన్ల నంబర్లు మారతాయి కాబట్టి, నేను చెప్పినవి సీఏతో సరిచూసుకోండి.

బయానా (అడ్వాన్సు) విషయం మర్చిపోకండి. 20 వేలు, ఆపైన నగదుగా తీసుకుంటే అంతే మొత్తం జరిమానా పడొచ్చు. ఇద్దరూ రైతులై, ఇద్దరికీ పన్ను పడే ఆదాయం లేకపోతేనే దీనికి మినహాయింపు. కొనేది రియల్ ఎస్టేట్ వాళ్లైతే చెక్కుగానో బ్యాంకు ద్వారానో అడగండి.

మీది హద్దు బయట, 6 కిలోమీటర్లు దాటి ఉంటే, మీ నాన్నగారికి ఈ పన్ను లేదు. అప్పుడు కూడా బయానా తీసుకోకముందే తహసీల్దార్ ఆఫీసులో దరఖాస్తు పెట్టి, దూరం రాసిన కాగితం సంతకంతో తెచ్చుకోండి. ఆ ఏడాది రిటర్న్‌లో మినహాయింపు కింద చూపించండి. అదేమీ చూపించకపోవడం వల్లే మాకు నోటీసు దాకా వచ్చింది.