ఇంట్లో కలిపిన నిమ్మకాయ నీళ్లు చేదెందుకు వస్తాయి? బండి దగ్గర ఎందుకు రావు?

"ఇంట్లో చేస్తే చేదు, రోడ్డు పక్కన బండి దగ్గర తాగితే అమృతం. వాడేమైనా కలుపుతాడా?" అని కదా మీ అనుమానం. వాడేమీ కలపడండీ. వాడికి మనకున్నంత ఆశ లేదు, అంతే. కాయ కోస్తాడు, ఒక్క నొక్కు నొక్కుతాడు, డొప్ప బుట్టలో పారేస్తాడు. మనం ఆ డొప్పను తిరగేసి మళ్లీ నొక్కి, చాలక వేలు పెట్టి గీకుతాం. చేదంతా అక్కడిదే.

నాకీ సంగతి నాలుగు వందల రూపాయలు వదిలాక తెలిసింది.

2022 ఏప్రిల్ గుర్తుందా? నిమ్మకాయ ఒక్కోటి పది రూపాయలకు ఎక్కిన వేసవి. గుమ్మానికి దిష్టి కట్టేవాళ్లు కూడా కాయ వైపు రెండుసార్లు చూసి వెనక్కి పెట్టేసిన రోజులు. సరిగ్గా ఆ నెలలోనే హైదరాబాదులో మా ఫ్లాటు గృహప్రవేశం. వచ్చినవాళ్ల చేతిలో కూల్‌డ్రింకు పెట్టకూడదని నా పట్టుదల. (ఈమధ్య పెళ్లిళ్లలో గుమ్మం దగ్గరే ఇస్తున్నారు చూడండి, నీలం రంగు నీళ్లు, పైన పుదీనా ఆకు. అదేం రుచో తాగినవాళ్లకీ తెలీదు, పోసినవాళ్లకీ తెలీదు.) నలభై కాయలు కొన్నాను. పొద్దున్నే హడావుడి ఉంటుందని ముందురోజు రాత్రే పిండడానికి కూర్చున్నాను. అంత పోసి కొన్న కాయ కదా, చుక్క వదలబుద్ధి కాలేదు. పిండే మరలో పెట్టి తొక్క చితికి, నూనె చేతులకంటేదాకా నొక్కాను. గింజలు పొద్దున వడకడదాంలే అని అలాగే గిన్నెతో ఫ్రిజ్‌లో పెట్టేశాను.

తెల్లవారి మా మేనత్త దిగింది, గూడూరులో రైలెక్కి. గూడూరంటే నిమ్మకాయల మార్కెట్టే కదా, ఆవిడ మెట్టినింటివాళ్లకు తోట కూడా ఉంది. చంకలో గుడ్డసంచీ, సంచీ నిండా కాయలు. నేనేమో కాయకు పది చొప్పున కొన్నానని చెప్పడానికే సిగ్గుపడ్డాను. గ్లాసుడు కలిపి ఇస్తే ఒక్క గుక్క తాగి నా మొహంలోకి చూసింది.

"ఏం పాపా, నిమ్మకాయలే పిండావా, మధ్యలో వేపాకేమైనా వేశావా?"

పంచదార ఇంకాస్త వేస్తే సరిపోతుందన్నాను. సరిపోలేదు. ఇంకా వేశాను. తియ్యగా ఉంటూనే చేదు, అది ఇంకా ఘోరం. పోనీ పులిహోరలో వాడేద్దామంటే, "నీళ్లు పోతే పోయాయి, గుండిగెడు అన్నం కూడా పాడు చేస్తావా?" అంది. ఆ రసమంతా ఉప్పుతో కలిపి పెరట్లో, అంటే మా బాల్కనీలో, పీట వేసుకుని కూర్చుని నా ఇత్తడి కుందులు, హారతి పళ్లెం, చెంబులు తోమేసింది. నాలుగు వందల రూపాయల తోముడు.

తర్వాత తన సంచీలో కాయలు తీసింది. ఒక్కోదాన్ని అరచేతి కింద నేలకేసి మెత్తగా దొర్లించి, అడ్డంగా కోసి, చేత్తోనే ఒక్కసారి పిండి వదిలేసింది. ఇంకా రసముందత్తా అంటే వినిపించుకోలేదు. గింజలు అప్పటికప్పుడే తీసేసింది. ముందు కాసిని మామూలు నీళ్లలో పంచదార, చిటికెడు ఉప్పు పూర్తిగా కరిగించి, రసం కలిపి, ఆఖరున కుండలో నీళ్లు. చల్లటి నీళ్లలో పంచదార తొందరగా కరగదు, మనమేమో ఐసు వేసేశాక చెంచా తిప్పుతూ కూర్చుంటాం. రెండు గ్లాసులకు ఒక కాయ లెక్క, గ్లాసుకు రెండు చెంచాల పంచదార. "మాకు పంచదార తక్కువ" అనేవాళ్లకు మంచినీళ్లివ్వండి, నిమ్మకాయను అవమానించకండి.

రాత్రి పిండిన రసం సంగతి తర్వాత తెలుసుకున్నాను. నిమ్మజాతి కాయల తెల్లటి పొరలో, గింజల్లో ఉండే ఒక పదార్థం పుల్లటి రసంలో నానుతూ పోతే లిమొనిన్ అనే చేదు పదార్థంగా మారుతుందట. అందుకే పిండిన వెంటనే నోట్లో వేసుకుంటే ఏమీ తెలియదు, గంటలు గడిచాక చేదు బయటపడుతుంది. మా అత్తకు ఆ పేరు తెలియదు, ఆవిడ మాత్రం రసం పిండి దాచిన పాపాన ఎన్నడూ పోలేదు.

ఇంకో ముక్క. తొక్క తురిమి పంచదారతో ఉడికించమని చెప్పే విదేశీ వీడియోలు చూసి మన కాయలతో చేయకండి. వాళ్లది పసుప్పచ్చటి పెద్ద లెమన్, వేరే కాయ. అక్కడ లైమ్ అని అమ్మేదే మన నిమ్మకు దగ్గరి చుట్టం. డాలస్‌లో ఉన్న మా చెల్లెలు లెమన్ తెచ్చి పులిహోర కలిపి, ఏదో సబ్బు వాసనొస్తోందని ఫోన్ చేసింది.

ఆ రోజు గృహప్రవేశానికి వచ్చినవాళ్లలో నిమ్మకాయ నీళ్లు బాగున్నాయన్నది ఇద్దరో ముగ్గురో. కుందులకు ఏ పొడి వాడారని అడిగినవాళ్లు మాత్రం డజనుకు తక్కువుండరు.

సోడా కలుపుకునే అలవాటుంటే, ఉప్పూ పంచదారా ముందు రసంలో కరగనిచ్చి ఆ తర్వాత సోడా పోయండి. సోడాలో ఉప్పు వేశారో, బుస్సున పొంగి సగం గట్టు మీదే ఉంటుంది.