పత్తి కట్టె బొగ్గుతో యూరియా నష్టం తగ్గుతుందా?

ప్రశ్న: మాది నల్లరేగడి. మొక్కజొన్నకు యూరియా చల్లుతున్నాం. పత్తి కట్టెతో బయోచార్ (నేలలో వేసే బొగ్గు) చేసి వేస్తే నత్రజని గాలిలో కలవడం తగ్గుతుందా?
– ఒక రైతు, ఖమ్మం జిల్లా

జవాబు: నత్రజని గాలిలోకి రెండు దారుల్లో పోతుంది. యూరియాను తడి నేల మీద చల్లి వదిలేస్తే అమ్మోనియాగా ఎగిరిపోతుంది. నీరు నిలిచి నేలకు గాలి ఆడకపోతే సూక్ష్మజీవులు నైట్రేటును (నేలలో నత్రజని ఉండే ఒక రూపం) నైట్రస్ ఆక్సైడ్ వాయువుగా మారుస్తాయి. భూమిని వేడెక్కించడంలో ఇది, కిలోకు కిలో లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే సుమారు 270 రెట్లు బలమైనది. బయోచార్ చాలా నేలల్లో ఈ రెండో నష్టాన్ని తగ్గిస్తుంది. దానివల్ల నేల గుల్లబారుతుంది, అది నైట్రస్ ఆక్సైడ్ హాని లేని నత్రజని వాయువుగా మారడానికి తోడ్పడుతుంది.

మీ దగ్గర చిక్కు అమ్మోనియాతోనే. నల్లరేగడికి క్షారగుణం ఎక్కువ, బయోచార్‌కూ అంతే. బయోచార్‌లో బూడిద ఎక్కువుంటే క్షారగుణం ఇంకా పెరిగి అమ్మోనియా నష్టం పెరగొచ్చు కూడా. అందుకే కట్టె కాల్చేటప్పుడు దానికి తెల్లబూడిద పట్టకముందే, బొగ్గు నల్లగా ఉన్నప్పుడే నీళ్లు పోసి పూర్తిగా ఆర్పండి. నలగ్గొట్టి, రెట్టింపు పశువుల ఎరువుతో కలిపి, మూడు వారాలు తడి ఆరకుండా మాగబెట్టండి. తాజా బొగ్గు నేరుగా వేస్తే అది నత్రజనిని పట్టి ఉంచి, లేత పైరు పసుపెక్కవచ్చు.

ముందు పావు ఎకరంలో 250 కిలోలు ఆఖరి దుక్కిలో వేసి చూడండి. అయితే దీనికన్నా ముందు చేయాల్సింది యూరియా చల్లడం మానడం. 45 కిలోల యూరియా బస్తాలో నత్రజని 20.7 కిలోలే, అది వృథా కాకూడదు. యూరియాను మూడు దఫాలుగా, మొక్క పక్కన 5 సెంటీమీటర్ల లోతున వేసి మట్టి కప్పండి.