దాహమైతే తాగు, భయమేసి తాగకు

చిరంజీవి హారికకు, విశాఖపట్నం నుంచి అత్త ఆశీర్వదించి రాయునది.

నిన్న రాత్రి మీ నాన్న ఫోన్ చేశాడు. మామిడికాయల ధరల గురించీ ఇంటి పైకప్పు మరమ్మతు గురించీ పది నిమిషాలు మాట్లాడి, చివరకు గొంతు తగ్గించి, "అక్కా, పిల్ల ఆగస్టులో హైదరాబాద్‌లో ఫుల్ మారథాన్‌కు పేరిచ్చిందట" అన్నాడు. సంతోషించాలో భయపడాలో తెలియని గొంతు అది. వాడి భయం ఎక్కడిదో నాకు తెలుసు, నీకు తెలియదు. పదిహేనేళ్లుగా మేమిద్దరం నీకు చెప్పకుండా దాచిన సంగతి ఒకటుంది. ఇక దాచడం తప్పు.

ముందు నా సంతోషం చెప్పనీ. 1984లో లాస్ ఏంజిలిస్ ఒలింపిక్స్ జరిగే నాటికి నాకు పెళ్లై నాలుగు నెలలు. నలుగురు కూడిన చోటల్లా పి.టి. ఉష మాటే. 400 మీటర్ల హర్డిల్స్‌లో సెకనులో నూరోవంతు తేడాతో కాంస్యం పోయిందని మా అత్తగారు కూడా కళ్లు తుడుచుకున్నారు. ఆడవాళ్లకు ఒలింపిక్స్‌లో మారథాన్ పెట్టడం ఆ ఏడాదే మొదలని, జోన్ బెనాయిట్ అనే అమెరికా అమ్మాయి 2 గంటల 24 నిమిషాల 52 సెకన్లలో గెలిచిందని నాకు తెలిసింది మాత్రం ఇరవై ఏళ్ల తరువాత, నేను బీచ్ రోడ్డు మీద పరుగు మొదలుపెట్టాక. అంతవరకూ అంత దూరం ఆడవాళ్ల ఒంటికి పడదనే పెద్దలు అనుకున్నారు. ఇప్పుడు నా మేనకోడలు 42 కిలోమీటర్ల 195 మీటర్లు పరుగెత్తుతానంటోంది. రాత్రి నాకు నిద్ర పట్టలేదు. సగం గర్వం, సగం భయం.

ఇక కోపం. నాకు చెప్పకుండా పేరివ్వడం ఒక తప్పు. పోయిన నెల జ్వరంతో ఉండి కూడా 18 కిలోమీటర్లు పరుగెత్తావట, అది రెండో తప్పు. మొదటిది క్షమించాను. రెండోది క్షమించను. జ్వరం ఉన్నప్పుడు పరుగెత్తితే గుండె కండరానికి వాపు వచ్చే ప్రమాదముంది. అది ముందుగా చెప్పి రాదు. జ్వరం తగ్గాక కూడా వారం రోజులు ఊరికే నడువు. ఆ వారం పోతే పోయేది ఏమీ లేదు. ఈ ఒక్క విషయంలో నాతో వాదించకు.

ఇంకా పదకొండు వారాలున్నాయి. చాలు. వారానికి నాలుగు రోజుల పరుగు, అందులో ఆదివారం ఒక్కటే దూరపు పరుగు. ఆ దూరాన్ని వారానికి రెండు కిలోమీటర్లకు మించి పెంచకు, ప్రతి నాలుగో వారం తగ్గించు. 30 నుంచి 32 వరకు ఒకసారో రెండుసార్లో వెళ్తే చాలు, 42 ఆ రోజు కోసమే ఉంచుకో. చివరి మూడు వారాలు దూరం తగ్గించుకుంటూ రా. అప్పుడు కాళ్లు బరువుగా అనిపిస్తాయి, లేని నొప్పులు పుడతాయి, నమ్మకు. మామూలు రోజుల్లో పక్కవాళ్లతో పూర్తి వాక్యం మాట్లాడగలిగినంత నెమ్మదిగానే పరుగెత్తు. మాట తెగిందంటే వేగం ఎక్కువైందన్నమాట. బూట్లు కొత్తవి కొనేదుంటే ఈ నెలలోనే కొను, బొటనవేలి ముందు వేలెడు చోటుండాలి. ఒకసారి రక్తపరీక్ష చేయించి హిమోగ్లోబిన్, ఐరన్ ఎంతున్నాయో చూసుకో. మన ఇంటి ఆడవాళ్లకు అది ఎప్పుడూ తక్కువే. కొంచెం పరుగెత్తితేనే ఆయాసం వస్తోందంటే నీకు పట్టుదల లేక అనుకోకు, రక్తం లేక కావచ్చు.

ఇక దాచిన సంగతి.

2010లో నేను నా రెండో మారథాన్ పరుగెత్తాను. ఊరి పేరు రాయను. తప్పు ఆ ఊరిది కాదు, నాది. అప్పుడు నాకు 48 ఏళ్లు. బరువు 51 కిలోలు. మనది సన్నటి ఒళ్లు, నెమ్మది నడక, నీకూ అదే వచ్చింది. ఆ ఏడాది మే నెలలో మీ తాతయ్యకు వడదెబ్బ తగిలింది. పొలం గట్టు మీద పడిపోతే మంచం మీద వేసి మోసుకొచ్చారు. ఒళ్లు పెనంలా కాలిపోతోంది. బతికాడు గాని, తెరిచిన కళ్లతో మనిషిని గుర్తుపట్టకుండా చూసిన ఆ చూపు నా మనసులో ఉండిపోయింది. ఆ తరువాత పరుగు అంటే నాకు ఒక్కటే మంత్రం: నీళ్లు. ముందురోజు పొద్దుటినుంచి తాగుతూనే ఉన్నాను. పరుగులో నీళ్ల బల్ల కనిపించిన ప్రతిచోటా ఆగి రెండేసి గ్లాసులు తాగాను. దాహం వేసిందా అని ఒక్కసారి కూడా నన్ను నేను అడగలేదు. మోకాలు నొప్పిగా ఉందని 20వ కిలోమీటరు దగ్గర నొప్పి మాత్ర ఒకటి వేసుకున్నాను.

25 దాటాక కడుపులో నీళ్లు కుండలో నీళ్లలా కదిలాయి. వాంతి వస్తున్నట్టుంది. తల బరువెక్కింది. ఇదంతా ఎండ వల్లే అనుకొని ఇంకా తాగాను. 30వ కిలోమీటరు దగ్గర నా ఎడమ చేయి చూసుకున్నాను. పెళ్లినాటి ఉంగరం వేలిలో దిగబడిపోయింది. దానికి రెండు వైపులా కండ ఉబ్బి, మధ్యలో బంగారం సన్నటి గీతలా కనిపించింది. తిప్పితే తిరగలేదు. చేతి గడియారం పట్టీ రెండు రంధ్రాలు వదులు చేయాల్సి వచ్చింది. అప్పుడైనా నాకు బుద్ధి రావలసింది. చెమట కారిపోతున్న మనిషి చేయి ఎందుకు ఉబ్బుతుంది? ఆ ప్రశ్న అడుగుదూరంలో ఉంది, నేను అడగలేదు.

చివరి ఎనిమిది కిలోమీటర్లు నాకు గుర్తు లేవు. మొత్తం ఆరు గంటల పైన పట్టిందట. ముగింపు గీత దగ్గర మీ నాన్న పూలదండ పట్టుకుని నిలబడ్డాడు. నేను వాడి ముందుకు వచ్చి ఆగి, చేతులు జోడించి, "మీరెవరండీ? మా తమ్ముడు వస్తానన్నాడు, చూశారా?" అని అడిగానట. నేను ఎత్తుకుని పెంచిన తమ్ముడిని మీరు అన్నాను. ఆ మాట వాడు ఇప్పటికీ పూర్తిగా చెప్పలేడు, సగంలో ఆగిపోతాడు.

ఆసుపత్రిలో మొదట వడదెబ్బ అనుకుని సెలైన్ ఎక్కించబోయారు. ఒక నర్సు నా చేయి పట్టుకుని, "ఉంగరం ఎప్పుడూ ఇంత బిగుతుగానే ఉంటుందా బాబూ?" అని మీ నాన్నను అడిగింది. ఆమె ఆ ప్రశ్న అడగబట్టే ఈ రోజు నీకు ఉత్తరం రాస్తున్నాను. రక్తం పరీక్షిస్తే సోడియం, అంటే రక్తంలోని ఉప్పు, 121. ఉండవలసింది 135 నుంచి 145. పరుగు తరువాత నా బరువు 53 కిలోలు, అంటే 42 కిలోమీటర్లు చెమటోడ్చి రెండు కిలోలు పెరిగాను. తాగిన నీరు బయటకు పోక రక్తంలో ఉప్పు పలచబడి, మెదడు ఉబ్బింది. మామూలు సెలైన్ బదులు 3 శాతం ఉప్పు ఉన్నది కొద్దికొద్దిగా ఎక్కించారు. రెండో రోజు ఉదయం "తమ్ముడూ" అని పిలిచాను. ఉంగరం కోయించి తీశారు. అది ఇప్పటికీ నా పెట్టెలో రెండు ముక్కలుగా ఉంది.

తరువాత డాక్టరుగారు చెప్పారు: 2002లో బోస్టన్ మారథాన్‌లో 488 మంది రక్తం పరీక్షిస్తే వంద మందిలో 13 మందికి సోడియం తగ్గి ఉందట. పరుగులో బరువు పెరిగినవాళ్లకు, నాలుగు గంటలకు మించి పట్టినవాళ్లకు ఆ ప్రమాదం ఎక్కువ. వేగంగా పరుగెత్తేవాళ్లకు తాగే తీరిక ఉండదు. మనలాంటి నెమ్మది మనుషులకు నీళ్ల బల్ల ఎదురైన ప్రతిసారీ ఆగే తీరిక ఉంటుంది. నొప్పి మాత్ర కూడా మూత్రపిండాలు నీటిని వదిలే పనికి అడ్డుపడుతుంది. అందుకే చెబుతున్నాను. పరుగుకు ముందు గాని పరుగులో గాని నొప్పి మాత్ర ముట్టకు. మాత్ర లేనిదే పరుగెత్తలేనంత నొప్పి ఉంటే ఆ రోజు పరుగు వద్దు.

మరి ఎంత తాగాలి? దాహం వేసినప్పుడు, దాహం తీరేంత. అంతే. నీ ఒంటి లెక్క నీకు తెలియడానికి ఒక పని చెయ్యి. ప్రతి ఆదివారం పరుగుకు ముందు, తరువాత బరువు చూసుకుని గోడ మీద కాలెండర్‌లో రాసుకో. ఒక కిలో, కిలోన్నర తగ్గితే భయపడకు. తగ్గకపోతే, ముఖ్యంగా పెరిగితే, ఎక్కువ తాగినట్టు. ఓఆర్ఎస్ కలుపుకున్నాను కదా, ఎంత తాగినా ఫరవాలేదని అనుకోవద్దు. అందులోని ఉప్పు మన రక్తంలో ఉన్నదానిలో సగమే. కడుపు కుండలా కదలడం, తలనొప్పి, వాంతి, ఉంగరమో గడియారమో బిగియడం: వీటిలో ఏ రెండు కలిసినా తాగడం ఆపి, పక్కనున్న మనిషికి చెప్పు. ఆ రోజు ఉంగరం ఇంట్లో పెట్టి వెళ్లకు, వేసుకునే వెళ్లు. అది నీకు కాపలా.

ఇది చదివి భయపడి నీళ్లే మానేస్తావేమో, అదీ వద్దు. ఆగస్టులో హైదరాబాద్‌లో ఎండ లేకపోయినా గాలిలో తేమ ఉంటుంది, చెమట ఆరదు, ఒళ్లు చల్లబడదు. దాహమైతే తాగు. మిగిలిన గ్లాసు నెత్తిన, మెడ మీద పోసుకో. వేడిలో వణుకు పుట్టినా, తల తిరిగినా ఆ అడుగు దగ్గరే ఆగు. పతకం వచ్చే ఏడాది కూడా ఇస్తారు.

పరుగు రోజు. ముందురోజు కొత్త రుచులేవీ వద్దు, అన్నం పప్పు తిను, కారం తగ్గించు. ఆ రాత్రి నిద్ర పట్టకపోయినా బెంగ లేదు, అంతకు ముందు రాత్రి బాగా నిద్రపో. రెండు గంటల ముందు రెండు ఇడ్లీలు, అరటిపండు. పరుగులో శక్తి కోసం మింగే తీపి జెల్ తీసుకునేదుంటే ఆదివారాల్లో అలవాటు చేసుకున్నదే తీసుకో. చంకల్లోను, తొడల మధ్య, లోదుస్తుల కుట్టు రాసుకునే చోట వాసెలిన్ పట్టించు. ఇది చెప్పడానికి సిగ్గుపడకూడదు. నాకెవరూ చెప్పలేదు, స్నానంలో నీళ్లు తగిలితే ఏడ్చాను.

నీ హాఫ్ మారథాన్ 2 గంటల 25 నిమిషాలన్నాడు మీ నాన్న. అయితే ఫుల్‌లో కిలోమీటరుకు ఏడున్నర నిమిషాలు నీ వేగం. మొదటి పది కిలోమీటర్లు దానికీ పావు నిమిషం నెమ్మదిగా వెళ్లు. పీపుల్స్ ప్లాజా దగ్గర చీకట్లో డప్పులు మోగుతుంటే, వేలమంది ఒక్కసారి కదిలితే, హుస్సేన్ సాగర్ గాలి ముఖానికి కొడితే కాళ్లు మన మాట వినవు. వినేలా చేయాలి. ఆ దారి సాగర్ ఒడ్డున మొదలై గచ్చిబౌలి స్టేడియం వైపు వెళ్తుంది, అంటే పల్లం నుంచి మెరక మీదికి. మధ్యలో ఫ్లైఓవర్లు వరసగా ఎక్కాలి. ఎక్కేటప్పుడు అడుగు చిన్నది చేసి, చూపు పది గజాల ముందు పెట్టు, గడియారం చూడకు. దిగేటప్పుడు కాళ్లు బాదుతూ దూకకు. అక్కడ దెబ్బతిన్న తొడలు 35వ కిలోమీటరు దగ్గర లెక్క అడుగుతాయి. 30 దాటాక కాళ్లలో దాచుకున్న పిండిపదార్థం అయిపోతుంది, ఒళ్లు ఇక చాలంటుంది. అక్కడ నడిస్తే తప్పు కాదు. నీళ్ల బల్ల నుంచి వంద అడుగులు నడిచి మళ్లీ పరుగందుకో. నా మొత్తం పదకొండు మారథాన్లలో ఒక్కటి కూడా నడవకుండా పూర్తి చేయలేదు.

నేను ముందురోజు రైలెక్కి వస్తున్నాను. గచ్చిబౌలిలో మెట్ల దగ్గర ఆకుపచ్చ చీరలో ఉంటాను. మీ నాన్నను కూడా రమ్మన్నాను. రానన్నాడు, చూడలేనన్నాడు. వాడిని బలవంతపెట్టకు.

ఇప్పటికీ నేను ఏ పరుగు ముగించినా, అది అయిదు కిలోమీటర్లే అయినా, వాడికి ఫోన్ చేయాలి. పలికీ పలకగానే "అక్కా, నా పేరు చెప్పు" అంటాడు. చెబుతాను. అప్పుడు గానీ పెట్టడు. నువ్వు గీత దాటగానే ఫొటోలు తరువాత తీసుకో, ముందు వాడికి ఫోన్ చెయ్యి. నాన్నా అని పిలువు. వాడు కాసేపు మాట్లాడకపోయినా ఫోన్ పెట్టకు.

ఆశీస్సులతో,
అత్త